మైన్‌స్వీపర్, మైన్‌హంటర్ ఒకటేనా? అందులో పోస్టింగ్ పడితే పని ఎలా ఉంటది?

తమ్ముడూ, నేవీకి సెలెక్ట్ అయ్యావు, ముందుగా శుభాకాంక్షలు. మైన్ అంటే షిప్పుల్ని పేల్చడానికి నీళ్ళలో పెట్టే బాంబు, దాన్ని తీసేసే షిప్పుల గురించి నువ్వు అడిగినవి మూడు. మైన్‌స్వీపర్ మైన్‌హంటర్ రెండూ ఒకటేనా, వాటి మీద డ్యూటీ ఎలా ఉంటది, ఇప్పుడు మన నేవీలో అలాంటివి ఎన్ని ఉన్నాయి అని. మూడోదానికి ఒక్క ముక్కలో చెప్పేస్తా, ఒక్కటి కూడా లేదు. 2019 ఏప్రిల్ 13న మన వైజాగ్‌లోనే ఐఎన్‌ఎస్ కోజికోడ్‌ని డీకమిషన్ చేశారు, అంటే సర్వీస్‌లోంచి తీసేశారు, అదే ఆఖరిది. మిగతా రెండిటికీ కొంచెం పెద్ద జవాబు కావాలి, ఓపిగ్గా చదువు.

నాది భీమిలి వైపు, వేట మీద బతికిన ఇల్లు. నేవీలో పదిహేనేళ్ళు చేసి పెట్టీ ఆఫీసర్‌గా బయటికి వచ్చా, అందులో నాలుగేళ్ళ పైన మైన్‌స్వీపర్ మీదే, సీమన్ బ్రాంచ్, అంటే వెనక డెక్ మీద వైరు, వించి, బోయాలు అన్నీ మా చేతుల మీదుగా పోయేవి. అందుకని నాకు తెలిసింది ఎక్కువ స్వీపింగ్, హంటింగ్ గురించి కోర్సుల్లో నేర్చుకున్నదీ, పైనోళ్ళ దగ్గర విన్నదీ, చదివిందీ చెప్తా.

అసలు మైన్ అంటే ఏంటో తెలిస్తే తేడా దానంతట అదే అర్థమవుద్ది. పాతకాలం మైన్ అంటే నువ్వు సినిమాల్లో చూసే కొమ్ముల గుండు. కింద బరువు నేల మీద కూర్చుంటది, దాన్నుంచి గొలుసో కేబులో పైకి వస్తది, గుండు నీళ్ళ పైకి కనపడకుండా కొన్ని మీటర్ల లోపల తేలుతుంటది. ఆ కొమ్ము సీసంతో చేస్తారు, లోపల చిన్న గాజు గొట్టంలో యాసిడ్ ఉంటది. షిప్ తగిలి సీసం వంగితే గాజు పగిలి యాసిడ్ కిందకి జారుద్ది, అక్కడికక్కడే చిన్న బ్యాటరీ తయారై డిటొనేటర్‌కి కరెంటు పోతది. అంతే, అంతకంటే ఏమీ లేదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్నా పనిచేస్తది, ఎందుకంటే గాజు పగిలేదాకా బ్యాటరీ అనేదే లేదు కదా అరిగిపోవడానికి. 1908 నాటి రష్యా డిజైన్ మైన్ ఒకటి 1988లో గల్ఫ్‌లో అమెరికా ఫ్రిగేట్ శామ్యూల్ బి రాబర్ట్స్ కింద పేలి దాని కీల్, అంటే అడుగు వెన్నెముక, విరగ్గొట్టింది, ఎనభై ఏళ్ళ నాటి డిజైన్! మైన్ ఖరీదు పదిహేను వందల డాలర్లని చెప్తారు, షిప్ రిపేరుకి దాదాపు 9 కోట్ల డాలర్లు అయ్యింది.

ఇలా గొలుసు మీద తేలే మైన్‌ని పట్టుకునేదే స్వీపింగ్. షిప్ వెనక నుంచి పొడుగు వైరు వదుల్తాం, దాని చివర ఓటర్ బోర్డు కట్టి ఉంటది, నీళ్ళు దాన్ని పక్కకి నెడుతుంటే వైరు షిప్‌కి దూరంగా వాలుగా పరుచుకుంటది. షిప్ వెనకాలే కైట్ అని ఇంకో బోర్డు ఉంటది, అది వైరుని లోతులోకి తొక్కి పెడతది. వైరు దూరపు చివర పైన చేప ఆకారంలో ఫ్లోట్ ఒకటి జెండాతో తేలుతుంటది. వైరు మీద అక్కడక్కడా కట్టర్లు బిగిస్తాం. మైన్ గొలుసు వైరుకి తగిలి జారుకుంటూ వచ్చి కట్టర్ నోట్లో పడుద్ది, తెగుద్ది, మైన్ పైకి తేలుద్ది, అప్పుడు దూరం నుంచి గన్‌తో కొట్టి లేపేస్తారు. దీన్ని ఓరోపెసా స్వీప్ అంటారు, మొదట ట్రయల్ చేసిన ట్రాలర్ పేరు ఓరోపెసా, అదే పేరు ఉండిపోయింది.

ట్రాలర్ అన్నా కదా, ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటిసారి ఓటర్ బోర్డు చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలు బోట్ల వెనక వేలాడే బోర్డులు చూస్తావు కదా, వల నోరు తెరిచి పెట్టేవి, అవే ఇవి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషోళ్ళు చేపల ట్రాలర్లనీ, వాటి మీద పనిచేసే జాలర్లనీ అలాగే తీసుకుని మైన్లు ఊడ్పించారు. మనం చేసే పనికి మూలం వేటలోనే ఉందని తెలిశాక నాకు ఆ షిప్ మీద గౌరవం ఇంకా పెరిగింది.

రెండో రకం మైన్ వచ్చాక లెక్క మారిపోయింది. ఇది గొలుసు మీద తేలదు, అడుగున నేల మీద పడుకుని ఉంటది. షిప్ తగలక్కర్లేదు, పైనుంచి వెళ్తే చాలు. ఇనుము వల్ల మారే అయస్కాంత క్షేత్రాన్ని పసిగడతది, లేదా ఇంజన్ ప్రొపెల్లర్ చప్పుడు వింటది, లేదా షిప్ దాటేటప్పుడు అడుగున నీళ్ళ ఒత్తిడి తగ్గుద్దే, దాన్ని కనిపెడతది. 1939లో జర్మన్లు మాగ్నెటిక్ మైన్లు వేస్తే బ్రిటన్ రేవులు కొన్నాళ్ళు వణికిపోయాయి, షిప్పులు ఎందుకు మునుగుతున్నాయో తెలియలేదు. ఆ నవంబర్‌లో ఒకటి విమానం నుంచి జారి థేమ్స్ నది ముఖద్వారం దగ్గర షూబరీనెస్ బురదలో పడింది, పోటు తగ్గితే బయటపడింది. ఔవ్రీ అనే ఆఫీసర్ ఇత్తడి పనిముట్లు చేయించుకుని, ఇనుపవి అయితే పేలుద్దని, తన చేత్తో దాన్ని విప్పాడు. ఆ లోపలి గుట్టు తెలిశాకే షిప్‌కి చుట్టూ కాయిల్స్ వేసి కరెంటు పంపి అయస్కాంతం గుణం తగ్గించే పద్ధతి, అదే డీగాసింగ్, అన్ని షిప్పులకీ వచ్చింది. మా షిప్‌లో కూడా ఉండేది.

మాగ్నెటిక్ మైన్‌నీ చప్పుడు వినే మైన్‌నీ కూడా స్వీప్ చెయ్యొచ్చు, తేలే కేబుల్‌లోకి కరెంటు పంపుతూ, చప్పుడు చేసే యంత్రాన్ని వెనక లాగుతూ, పెద్ద షిప్ వస్తోందని దాన్ని నమ్మించి దూరంగా పేల్చడం. కానీ మైన్ చేసేవాడు ఊరుకుంటాడా, లోపల లెక్క పెట్టాడు. మొదటి ఏడు షిప్పులు పోనీ, ఎనిమిదోదాని కింద పేలు అని. అంటే నువ్వు ఏడుసార్లు ఊడ్చి దారి శుభ్రం అని చెప్పి వచ్చేస్తే వెనకాల వచ్చే ట్యాంకర్ మునిగిపోవచ్చు. ఇక ఒత్తిడి చూసే మైన్‌ని ఊడ్చి నమ్మించడం దాదాపు కుదరని పని, పెద్ద షిప్ కదిలితే వచ్చే ఆ ఒత్తిడి పెద్ద షిప్ కదిలితేనే వస్తది.

హంటింగ్ పుట్టింది ఇందుకే. ఊడవడం కాదు, ఒక్కొక్కదాన్నీ వెతికి, చూసి, అది మైనే అని తేల్చుకుని లేపడం. మైన్‌హంటర్ ముందున్న ప్రాంతాన్ని హై ఫ్రీక్వెన్సీ సోనార్‌తో, అంటే శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో నీళ్ళలో ఉన్నది పసిగట్టే యంత్రంతో, చూస్తూ నడక వేగంతో పోతది, అనుమానం వస్తే గాలికీ కరెంటుకీ కదలకుండా ఒకే చోట నిలబడాలి, అందుకే వాటికి పక్కకి తోసే థ్రస్టర్లు ఉంటాయి. తర్వాత కెమెరా ఉన్న చిన్న వాహనాన్ని దించుతారు. ఫ్రెంచోళ్ళు చేసిన పాప్ 104 అనేది అన్నిటికంటే పేరున్నది, దాని పేరుకి అర్థమే తనంతట తాను ఈదే చేప అని, అది మైన్ దాకా వెళ్ళి పక్కన పేలుడు చార్జ్ పెట్టి వెనక్కి వచ్చేస్తది. లేదా క్లియరెన్స్ డైవర్, అంటే నీళ్ళలో మైన్లు తీసే డైవర్, దిగుతాడు. ఇంకో పెద్ద తేడా బాడీలో. స్వీపర్ కంటే హంటర్ మైన్‌కి ఇంకా దగ్గరగా పోతది కాబట్టి ఇనుము ఉండకూడదు, బ్రిటిషోళ్ళు 1973లో హెచ్‌ఎంఎస్ విల్టన్‌ని ఫైబర్‌గ్లాస్‌తో కట్టారు, ప్రపంచంలో అలా కట్టిన మొదటి యుద్ధ నౌక అదే. అమెరికా అవెంజర్ క్లాస్ అయితే చెక్కతో కట్టి పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు వేశారు. మావి తక్కువ అయస్కాంత గుణం ఉన్న స్టీలు.

నువ్వు అనుకోవచ్చు, సోనార్‌లో కనపడుద్ది కదా ఇంకేం కష్టం అని. అడుగున ఏమేం ఉంటాయో తెలుసా, పాత డ్రమ్ములు, లంగర్లు, రాళ్ళు, తెగిన వలల ముద్దలు, టైర్లు, అన్నీ మైన్ లాగే కనపడతాయి. ఒక్కొక్కదాన్నీ ఆగి చూడాల్సిందే. పైగా మన తూర్పు తీరం చూడు, గోదావరి కృష్ణా తెచ్చి పోసే ఒండ్రు, వర్షాకాలంలో కాకినాడ ముందు సముద్రం ఎర్రగా ఉంటది, మైన్ ఆ బురదలో సగం కూరుకుపోతే సోనార్‌కి దొరకదు. ఎండలకి పైనీళ్ళు వేడెక్కి సోనార్ శబ్దం వంగిపోతది, పొద్దున కనపడింది మధ్యాహ్నం కనపడదు. డైవర్ దిగితే తన చెయ్యి తనకే కనపడదు, తడిమి తెలుసుకోవాలి. ఆ పని చేసే కుర్రాళ్ళని దగ్గర్నుంచి చూశా, వాళ్ళంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తది.

ఇప్పుడు నువ్వడిగిన డ్యూటీ సంగతి. మా షిప్ దాదాపు 61 మీటర్లు, 800 టన్నులు, ఎనభై చిల్లర మందిమి. రష్యావోళ్ళు అక్కడి చలికి తగ్గట్టు కట్టారు, మన మే నెల ఎండకి మెస్ డెక్ ఎలా ఉంటదో ఊహించుకో. గేజీల మీద, స్విచ్చుల మీద అన్నీ రష్యన్ అక్షరాలే, వాటి కింద మనోళ్ళు పెయింట్‌తో ఇంగ్లిష్ రాసుకున్నారు. చిన్న షిప్ కాబట్టి ఊగుడు ఎక్కువ, మొదటి నెల కడుపులో ఏదీ నిలవదు, దానికి సిగ్గుపడకు. కానీ చిన్న షిప్‌లో ఒక మంచి ఉంది, కెప్టెన్‌కి నీ పేరు తెలుస్తది, మీ అమ్మకి ఒంట్లో బాలేదన్న సంగతి కూడా తెలుస్తది.

స్వీప్ వేసే రోజు తెల్లారకముందే మొదలవుద్ది. వెనక డెక్ మీద హెల్మెట్, లైఫ్ జాకెట్, మందం చేతితొడుగులు. వించి మీద ఒకడు, వైరు దగ్గర ఇద్దరు, ఫ్లోట్ దింపే డేవిట్ (చిన్న క్రేన్) దగ్గర ముగ్గురు, అందరి కళ్ళూ ఒకే పెట్టీ ఆఫీసర్ చేతి మీద ఉంటాయి, నోటితో చెప్తే గాలికీ ఇంజనుకీ వినపడదు కాబట్టి అంతా చేతి సైగలే. వైరు బిగుసుకుంటున్నప్పుడు ఒక పాట వస్తది, సన్నగా వీణ తీగలాగ, ఆ పాట గొంతు మారితే వెనక్కి తగ్గాలి, అది ఏ పుస్తకంలోనూ ఉండదు, నాకు నేర్పినాయన ఒక పాత మలయాళీ చీఫ్, నా చెయ్యి పట్టుకుని బిగుసుకున్న వైరు పక్కన ఉన్న రెయిలింగ్ మీద పెట్టి ఈ వణుకు గుర్తుపెట్టుకో అన్నాడు. ఒకసారి ఎక్సర్‌సైజ్‌లో అడుగున ఏదో పట్టేసి మా వైరు తెగింది. ఆ వణుకు మారడం ఆయన ముందే పట్టాడు, చెయ్యి పైకి లేపాడు, మేమంతా కింద పడుకున్నాం, వైరు మా మీదుగా వచ్చి స్టాంచన్‌ని, అంటే డెక్ అంచున ఉండే స్టీలు స్తంభాన్ని, మడిచేసింది. నిలబడి ఉంటే మనిషి రెండు ముక్కలు. అందులో ఎవరి తప్పూ లేదు, సముద్రం అడుగు అలాంటిది.

మైన్ ఉండొచ్చన్న నీళ్ళలోకి పోయేటప్పుడు ఇంకో నియమం. అవసరం లేనోడు ఎవడూ కింద డెక్‌లో ఉండకూడదు, అందరూ పైకి, తలుపులన్నీ బిగించి, ఇంజన్ దగ్గర కావలసినంత మందే. నిలబడేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి ఉంచాలి, కాళ్ళు బిగదీసి నిలబడకూడదు, కింద పేలితే డెక్ ఒక్కసారిగా పైకి తంతది, బిగదీసినవాడి మడమలు, మోకాళ్ళు విరుగుతాయి. గంటల తరబడి అలా నిలబడి ప్రాక్టీస్ చేస్తే రాత్రి తొడలు పట్టేసి నిద్ర పట్టదు.

తర్వాత వరస. పొలం దున్నినట్టే, చాలు మీద చాలు, ఒక చాలుకి ఇంకో చాలు కొంచెం కలిసేలా, మధ్యలో జానెడు కూడా వదలకూడదు. ఊడ్చిన అంచున డాన్ బోయాలు, అంటే జెండా కట్టిన తేలే గుర్తులు, దింపుతూ పోతాం, తర్వాతి చాలుకి అవే గుర్తు. ఎనిమిది గంటలు తిరిగినా చార్టు మీద చూస్తే చిన్న చీలిక అంతే ఉంటది. ఏమీ దొరకదు. ఏమీ దొరకని రోజే మంచి రోజు, ఆ నీళ్ళు శుభ్రం అని నువ్వు సంతకం పెట్టినట్టు లెక్క.

మా తీరంలో ఇంకో ఇబ్బంది, వలలు. ఎక్సర్‌సైజ్ ఏరియా అని ముందే నోటీసు ఇస్తారు కానీ చేప ఎక్కడుంటే పడవ అక్కడే కదా. వెనక వైరు ఉందని వాళ్ళకి తెలియదు, షిప్ దాటిపోయింది కదా అని అడ్డం వస్తారు. మా కెప్టెన్ హర్యానా ఆయన, అలాంటప్పుడల్లా నన్ను బ్రిడ్జి మీదకి పిలిపించి మైకు చేతికి ఇచ్చేవాడు. నేను మా మాటలోనే "బావా, ఎనకాల వైరు ఉంది, జెండా బుడ్డి అవతలకి పో, వల ఇటు లాగెయ్" అని అరిచేవాణ్ణి. నేవీ షిప్‌లోంచి భీమిలి యాస వినపడేసరికి వాళ్ళు ముందు బిత్తరపోయి, తర్వాత చెయ్యి ఊపి పక్కకి తప్పుకునేవాళ్ళు. రెండుసార్లు మాత్రం మా కట్టర్ ఎవరిదో వల తాడు కోసేసింది. ఆ తాడు ఖరీదు నాకు తెలుసు, ఆ రోజు అన్నం తినలేకపోయా.

మన నేవీలో ఈ షిప్పుల కథ చిన్నదేమీ కాదు. 1950ల్లో బ్రిటన్ నుంచి మొదట తెచ్చిన చిన్న మైన్‌స్వీపర్లలో ఒకదాని పేరు ఐఎన్‌ఎస్ బీమ్లీపటం, మా ఊరి పేరే. తర్వాత వచ్చిన పెద్దవాటిలో ఒకటి కాకినాడ. ఆ తర్వాత సోవియట్ యూనియన్ నుంచి పాండిచ్చేరి క్లాస్, 1978 నుంచి 1988 దాకా మొత్తం 12. కాకినాడ పేరు అందులో మళ్ళీ పెట్టారు, 1986 డిసెంబర్‌లో రీగాలో కమిషన్ అయ్యి 2017 మేలో ముంబైలో దిగిపోయింది. కడలూర్, కొంకణ్ 2018లో వైజాగ్‌లో, ఆఖరున కోజికోడ్, ముప్పై ఏళ్ళ సర్వీస్.

మైన్ మనకి దూరపు సంగతి అనుకోకు. 1971 డిసెంబర్ 3 రాత్రి వైజాగ్ హార్బర్ బయట మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ దగ్గర మన రేవు ముందు పరచడానికి తెచ్చిన మైన్లు ఉన్నాయి. అది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలకి మునిగిందని మనం అంటాం, సొంత మైనే పేలిందని వాళ్ళంటారు. ఎలా మునిగినా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఆ సన్నటి దారి చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తది, ఆ ఛానెల్‌లో ఒక్క షిప్ మునిగితే లోపలున్నది లోపలే, బయటున్నది బయటే. అదే యుద్ధం తర్వాత చిట్టగాంగ్ రేవు మైన్లతో, మునిగిన షిప్పులతో మూసుకుపోతే, కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్ దగ్గర ఏమీ లేక సోవియట్ నేవీ వచ్చి 1972 నుంచి 1974 దాకా, రెండేళ్ళ పైన, శుభ్రం చేసింది.

షిప్ లేనప్పుడు ఏం చేస్తారో కూడా చెప్తా. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ దీవుల యుద్ధంలో బ్రిటిష్ సైన్యం దిగాల్సిన దారిలో మైన్లున్నాయో లేవో తెలియదు, మైన్‌హంటర్లు అక్కడ లేవు. మే 10 రాత్రి హెచ్‌ఎంఎస్ అలాక్రిటీ అనే ఫ్రిగేట్‌ని ఆ దీవుల మధ్య జలసంధిలోంచి ఒక చివర నుంచి ఇంకో చివరకి పంపారు. పేలితే ఉన్నట్టు, పేలకపోతే లేనట్టు. అదృష్టం, పేలలేదు. ఆ షిప్ మీదున్న కుర్రాళ్ళ స్థానంలో ఉండి ఆలోచించు. 1991లో గల్ఫ్‌లో మైన్లు తియ్యడానికి హెలికాప్టర్లు మోసుకెళ్ళిన అమెరికా ట్రిపోలీ షిప్పే ఫిబ్రవరి 18న మైన్‌ని గుద్దుకుంది, కొన్ని గంటల తేడాలో ప్రిన్స్‌టన్ క్రూజర్ కింద అడుగు మైన్లు పేలాయి.

మనకి కొత్తవి 12 కట్టాలని ఎప్పటినుంచో ఉంది. దక్షిణ కొరియా కంపెనీతో బేరం 2014లో ఒకసారి, గోవా షిప్‌యార్డ్‌లో కట్టే ప్లాన్ 2018లో ఇంకోసారి రద్దయ్యాయి. 2025 జూలై 3న రక్షణ శాఖ కౌన్సిల్ మళ్ళీ మొదటి అనుమతి ఇచ్చింది, 12 షిప్పులకి సుమారు 44,000 కోట్లని పేపర్లలో వచ్చింది. అనుమతి వచ్చి, టెండర్ అయ్యి, కట్టి, నీళ్ళలోకి దిగేసరికి చాలా ఏళ్ళు పడుద్ది. ఈలోపు వేరే షిప్పుల మీద బిగించుకునే క్లిప్ ఆన్ కిట్లతో నెట్టుకొస్తున్నారు. మన వైజాగ్‌లోనే ఉన్న రక్షణ పరిశోధన సంస్థ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ మైన్లు వెతికే చిన్న నీటి డ్రోన్లు తయారు చేసింది, ఇద్దరు మనుషులు ఎత్తుకుపోయేంతవి. అదే ల్యాబ్ చేసిన కొత్త అడుగు మైన్‌ని కూడా 2025 మేలో టెస్ట్ చేశారు. మైన్ వెయ్యడం మనకి బాగానే వచ్చింది, తియ్యడంలోనే వెనకబడ్డాం, అది నా బాధ.

డ్రోన్లు రావాలి, మనిషి మైన్‌ఫీల్డ్ బయట ఉండి పని చెయ్యడం కంటే మంచిది ఏముంది. కానీ నాకున్న భయం షిప్పుల గురించి కాదు, డబ్బు పెడితే అవి వస్తాయి. 2019 నుంచి ఇప్పటిదాకా ఒక్క కుర్రాడు కూడా ఆ డెక్ మీద నిలబడి వైరు పాట వినలేదు. సోనార్‌లో రాయికీ మైన్‌కీ తేడా పట్టే చూపు ఏళ్ళ తరబడి స్క్రీన్ ముందు కూర్చుంటే వచ్చేది, అది వచ్చినోళ్ళు ఒక్కొక్కరే రిటైర్ అయిపోతున్నారు. కొత్త షిప్ వచ్చిన రోజున నేర్పేవాడు ఎవడు?

అందుకే నువ్వు అడిగినందుకు నాకు అంత సంతోషం. నా సలహా, ఒడిశాలో చిల్కా ట్రైనింగ్ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యి బ్రాంచ్ వచ్చాక ఈత బాగా ఉంటే డైవింగ్‌కి వాలంటీర్ అవ్వు, కొచ్చిలో డైవింగ్ స్కూల్ ఉంది, కొత్త షిప్పులు వచ్చేదాకా మైన్ పనికి దగ్గరగా ఉండే దారి అదే. నీళ్ళంటే భయమైతే సోనార్ వైపు చూసుకో. సెలవుకి వచ్చినప్పుడు భీమిలి రా, మా ఇంట్లో ఆ చీఫ్ నాకిచ్చిన మార్లిన్‌స్పైక్, అంటే తాళ్ళ పోగులు విడదీసే మొన ఉన్న ఇనుప కడ్డీ, ఉంది, స్టీలు వైరు స్ప్లైస్, అంటే పోగులు అల్లి కలపడం, ఎలా వెయ్యాలో ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి నేర్పిస్తా, చేతితొడుగులు మాత్రం నువ్వే తెచ్చుకో.